చప్టా పగిలిందా? సిమెంటు బస్తా కొనే ముందు నీళ్ళు ఎటు పోతున్నాయో చూడండి



ప్రకృతి వ్యవసాయం వీడియోల మధ్యలో ఇంటి చుట్టూ కాంక్రీటు గురించి ఎందుకండీ అని కొందరికి అనిపించొచ్చు. కానీ ఒకసారి లెక్క చూసుకోండి. మనం ధాన్యం ఆరబోసేది చప్టా మీదే. ఆవుల్ని కట్టేది గచ్చు మీదే. జీవామృతం డ్రమ్ములు పెట్టేది, కషాయం కాచేది, విత్తనం ఎత్తి పెట్టేది ఇంటి చుట్టూ ఉన్న ఆ నాలుగడుగుల జాగాలోనే. అది కుంగితే మూత్రం గుంటలోకి రాదు, ధాన్యంలో సిమెంటు పెళ్ళలు కలుస్తాయి. అన్నిటికంటే పెద్ద నష్టం, వాన నీరు గోడ వైపు తిరిగి పునాదిలోకి దిగుతుంది.

ఈ వీడియోలో చూపించిన ఇల్లు సామర్లకోట మండలంలోనిది. చేను గట్టున కట్టుకున్న ఇల్లు. ఆ రైతు గారు పేరు చెప్పొద్దన్నారు కాబట్టి చెప్పడం లేదు. ఇంటి చుట్టూ నాలుగడుగుల వెడల్పున చప్టా వేయించి ఐదేళ్ళయింది. తూర్పు మూల చప్టా గోడ వైపు ఒకటిన్నర అంగుళం వాలిపోయింది. మేస్త్రి వచ్చి చూసి, "మొత్తం మీద ఇంకో మూడంగుళాలు పోసేద్దామండి, కనపడదు" అన్నాడంట. దానికి అయ్యే డబ్బు ఆయన సార్వా పెట్టుబడికి దాచుకున్నది. అందుకే ముందు ఒకసారి చూడమని పిలిచారు. మేం చూసింది, చేసింది వరసగా రాస్తున్నాను.

మన నేల సంగతి

సామర్లకోట రెండు రకాల నేలలు కలిసే చోటు. పెద్దాపురం వైపు వెళ్తే ఎర్ర నేలలు, మెట్ట. కాకినాడ వైపు దిగితే గోదావరి కాలువ కింద నల్లమట్టి, వరి. ఈ నల్లమట్టిలో ఉండే సన్నటి బంకమట్టి రేణువులు నీళ్ళు తాగితే ఉబ్బుతాయి, ఆరితే ముడుచుకుంటాయి. వేసవిలో కాలువ కట్టేశాక చేలో చెయ్యి దూరేంత బీటలు మనం ఏటా చూస్తూనే ఉంటాం. జూన్, జూలైలో నీళ్ళు వదిలాక అవే బీటలు మూసుకుంటాయి. చేలో అది మంచిదే, మట్టి తనంతట తనే గుల్లబారుతుంది. అదే మట్టి ఇంటి కింద కూడా ఉంది కదా. అక్కడా అదే పని చేస్తుంది.

నాలుగంగుళాల కాంక్రీటు బరువు చదరపు అడుగుకి సుమారు 22 కిలోలు. నల్లమట్టి ఉబ్బేటప్పుడు పైకి నెట్టే బలం దానికి ఎన్నో రెట్లు ఎక్కువ. కాబట్టి చప్టాని మందంగా వేస్తే మట్టి ఆగిపోతుందనుకోవడం వట్టి మాట. పైన మూడు, నాలుగు అంతస్తుల బరువున్న చోట మట్టి కొంత అణుగుతుంది. చప్టా, ప్రహరీ గోడ, మెట్లు, పశువుల పాక లాంటి తేలికపాటి కట్టడాలే ముందు లేస్తాయి, ముందు కుంగుతాయి.

దానికి తోడు 2024 సెప్టెంబరులో ఏలేరు వరద వచ్చింది. పిఠాపురం, గొల్లప్రోలు వైపు చేలు, ఇళ్ళు రోజుల తరబడి నీళ్ళలో ఉన్నాయి. అలా నానిన మెరక మట్టి నీరు తీసాక అణిగిపోతుంది. వరద పోయిన ఏడాదికి, రెండేళ్ళకి కూడా చప్టా కుంగడం కనపడొచ్చు.

ఏ పగులుకి భయపడాలి, ఏది వదిలేయాలి

వీడియోలో నాలుగో నిమిషం దగ్గర నాలుగు రకాలూ పక్కపక్కన చూపించాను.

ఒకటి, వెంట్రుకవాసి పగుళ్ళు. వలలాగా పైపైన ఉంటాయి. పోసిన రోజు ఎండకి పైభాగం తొందరగా ఆరిపోతే వస్తాయి. వీటికి పైసా ఖర్చు పెట్టక్కర్లేదు.

రెండు, అడ్డంగా తిన్నగా వచ్చిన పగులు. రెండు వైపులా మట్టం సమానంగానే ఉంటుంది. కాంక్రీటు ఆరేటప్పుడు కాస్త ముడుచుకుంటుంది. మనం జాయింటు ఇవ్వకపోతే తనకి నచ్చిన చోట తనే ఇచ్చుకుంటుంది. దీన్ని మూస్తే చాలు.

మూడు, పగులుకి ఒక పక్క పైన, ఒక పక్క కింద. ఇది కుంగుడు. కర్రతో గానీ గునపం మొనతో గానీ మెల్లగా కొట్టి చూడండి. గట్టి నేల మీద ఉన్న చప్టా ఒక రకంగా మోగుతుంది, కింద ఖాళీ ఉన్నది డొల్లగా మోగుతుంది. డొల్ల ఎక్కడిదాకా ఉందో సుద్దముక్కతో గీసుకుంటూ పోతే పావుగంటలో మొత్తం తెలిసిపోతుంది.

నాలుగు, గోడ పగులు. కిటికీ మూల నుంచి ఏటవాలుగా గానీ, ఇటుకల వరస వెంట మెట్లు మెట్లుగా గానీ వస్తుంది. తలుపులు ఒక కాలంలో పట్టేస్తాయి, ఇంకో కాలంలో వదులవుతాయి. పగులు 5 ఎంఎం దాటినా, ఏటేటా పెరుగుతున్నా అది మేస్త్రితో అయ్యే పని కాదు. స్ట్రక్చరల్ ఇంజనీరుకి చూపించాలి. ఈ వ్యాసం చదివి గోడ పగుళ్ళ మీద ప్రయోగాలు చెయ్యకండి.

పగులు కదులుతోందా, ఆగిపోయిందా తెలుసుకోవడానికి ఒక పాత పద్ధతి ఉంది. పగులు రెండు కొసల దగ్గరా పెన్సిలుతో గీత గీసి తేదీ వేయండి. మధ్యలో సన్నటి గాజు ముక్కని పగులుకి అడ్డంగా సిమెంటుతో అతికించండి. గాజు పగిలితే కదులుతున్నట్టే. ఒక్క నెల చూసి తేల్చకండి. కాలువ కట్టేసిన మే నెలలో ఒకసారి, వానలు తగ్గే ముందు అక్టోబరులో ఒకసారి కొలవాలి. ఏడాదిలో తెరుచుకుని మూసుకునే పగులు వేరు, ఒకే వైపు పెరుగుతూ పోయేది వేరు. మొదటిది మట్టి ఊపిరి, రెండోది జారుడు.

సామర్లకోట ఇంట్లో ఏం దొరికింది

పురికొస, రసమట్టం, గునపం, ఒక బకెట్టు నీళ్ళు. ఇంతే మేం తీసుకెళ్ళింది.

మొదట చూసింది డాబా నీళ్ళు. వెయ్యి చదరపు అడుగుల డాబా మీద ఒక సెంటీమీటరు వాన పడితే సుమారు 930 లీటర్లు. తుపానుకి పది సెంటీమీటర్లు పడితే 9,300 లీటర్లు. ఈ ఇంటికి రెండే పైపులు. అంటే సగం నీరు, దగ్గర దగ్గర 4,600 లీటర్లు, ఆ తూర్పు మూల ఒక్క అడుగు జాగాలో దిగుతోంది. పైపు చప్టాకి జానెడు ఎత్తులో ఆగిపోయింది. కింద చప్టా గోడ వైపు వాలి ఉంది. ఇంక నీరు ఎటు పోతుంది?

రెండోది పందికొక్కులు. చప్టా అంచు పక్కన మట్టి కుప్ప కనపడింది. బొరియలో నీళ్ళు పోస్తే రెండు బకెట్లు తాగేసింది. వరి చేను పక్కన, ధాన్యం నిల్వ ఉండే ఇంటికి ఇది మామూలే. బయటికి చిన్న కన్నం కనపడుతుంది, లోపల గది గదిగా ఉంటుంది. వాన నీరు అందులో దూరి మట్టిని కడిగేస్తుంది.

మూడోది మెరక మట్టి. అంచు దగ్గర అడుగు లోతు తవ్వితే నల్లగా మెత్తటి చెరువు మట్టి. మధ్యలో కుళ్ళిన వేళ్ళు, గడ్డి. ఐదేళ్ళ కిందట చెరువు పూడిక తీసినప్పుడు ట్రాక్టరుతో తోలించి ఒకేసారి పోసేశారంట. దిమ్మిస కొట్టలేదు.

ఇక్కడ మన రైతులకి ఒక మాట. చెరువు మట్టి చేనుకి బంగారం, ఇంటికి కాదు. సేంద్రియ పదార్థం ఉన్న మట్టి ఇంటి కింద ఉంటే అది కుళ్ళి, తగ్గి, ఖాళీ వదులుతుంది. చేలో మనం మట్టి గుల్లగా ఉండాలని, ప్రాణంతో ఉండాలని చూస్తాం. ఇంటి కింద ప్రాణం లేని, గట్టిపడిన మట్టి కావాలి. కాబట్టి కొత్తగా చప్టా వేసేటప్పుడు పైన ఉన్న ఆరు నుంచి తొమ్మిది అంగుళాల మంచి మట్టిని తీసి పెరటి మళ్ళల్లో వేసుకోండి. మీ కూరగాయలకి అది చాలా మంచిది. రెండు పక్కలా లాభమే.

మీ మట్టి ఎంత ఉబ్బుతుంది? ఇంట్లోనే చూడొచ్చు

భారతీయ ప్రమాణాల్లో దీనికి ఒక పరీక్ష ఉంది. ఐఎస్ 2720, 40వ భాగం. ఎండబెట్టి జల్లించిన మట్టి 10 గ్రాములు తీసుకుని ఒక గాజు కొలపాత్రలో నీళ్ళలో, ఇంకో 10 గ్రాములు ఇంకో పాత్రలో కిరోసిన్‌లో వేస్తారు. బుడగలు పోయేలా కలిపి 24 గంటలు వదిలేస్తారు. కిరోసిన్‌లో మట్టి ఉబ్బదు, నీళ్ళలో ఉబ్బుతుంది. తేడాని శాతంలో చెప్తారు. 50 శాతం లోపు అయితే ఉబ్బు తక్కువ. 50 నుంచి 100 మధ్యరకం. 100 దాటితే ఎక్కువ.

ఇంట్లో రెండు తిన్నటి గాజు సీసాలతో చేసుకున్నా ఒక అంచనా వస్తుంది. కిరోసిన్ సీసాలో మట్టి రెండంగుళాలు నిలిచి, నీళ్ళ సీసాలో మూడంగుళాలు నిలిస్తే 50 శాతం అన్నట్టు. కచ్చితంగా కావాలంటే దగ్గర్లో ఉన్న ఇంజనీరింగు కాలేజీ, పాలిటెక్నిక్ సాయిల్ ల్యాబుల్లో అడగండి. కొత్త ఇల్లు కట్టేవాళ్ళు మాత్రం ఈ పరీక్ష మానొద్దు. నల్లమట్టి కోసం రూర్కీలోని కేంద్ర భవన పరిశోధన సంస్థ అండర్ రీమ్డ్ పైల్ పద్ధతిని అభివృద్ధి చేసింది. ఏడాది పొడవునా తేమ పెద్దగా మారని లోతుకి పైలు దింపి, అడుగున గుండ్రంగా వెడల్పు చేసి కాంక్రీటు పోస్తారు. పైన మట్టి ఉబ్బినా, కుంగినా ఇంటి బరువు కింద గట్టి పొర మీద ఉంటుంది.

ముందు నీళ్ళు, తర్వాత సిమెంటు

ఆ ఇంట్లో సిమెంటు ముట్టుకోకుండా ముందు మూడు పనులు చేయించాం.

డాబా పైపుకి వంపు పెట్టి, పైపు వేసి, నీళ్ళని గోడకి పది అడుగుల అవతలకి తీసుకెళ్ళి అరటి, కొబ్బరి పాదుల వైపు వదిలాం. పాదులు నిండాక పొర్లిన నీరు బోదెలోకి పోయేలా చిన్న కాలవ తీశాం. నల్లమట్టిలో ఇంకుడు గుంట ఇంటికి దగ్గరగా తవ్వకండి. నీరు తొందరగా ఇంకదు, గోడ పక్కనే నిలవుంటుంది.

బొరియ మొత్తం తవ్వి తీసి, గ్రావెల్ నింపి దిమ్మిస కొట్టాం. కన్నం పైన సిమెంటు అద్దితే పందికొక్కు పక్కన ఇంకోటి తవ్వుకుంటుంది.

గోడకి ఆనుకుని ఉన్న ఆకుకూరల మడిని తీసి ఎనిమిది అడుగుల దూరం జరిపాం. ఇది మనవాళ్ళలో చాలా ఇళ్ళల్లో చూస్తున్నాను. నీడగా ఉంటుందని గోడ పక్కనే మళ్ళు వేసి, ఆచ్ఛాదన కప్పి, రోజూ నీళ్ళు పెడతాం. వేసవిలో ఊరెళ్తే నెలరోజులు ఎండిపోతుంది. తడి, పొడి, తడి, పొడి. నల్లమట్టికి ఇంతకంటే పరీక్ష లేదు.

చెట్ల గురించి కూడా అడుగుతారు. పెద్ద చెట్లు వేసవిలో మట్టిలో తేమని బాగా లాగుతాయి, అటు పక్క నేల ముడుచుకుంటుంది. కొత్తగా నాటేటప్పుడు ఆ చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో గోడకి అంత దూరంలో నాటడం మంచి లెక్క. అయితే పగులు వచ్చింది కదా అని ముప్ఫై ఏళ్ళ వేపచెట్టుని ఒక్కసారిగా నరికేయకండి. చెట్టు పోయాక ఆ మట్టి మళ్ళీ నీళ్ళు పట్టి ఉబ్బుతుంది. కుంగిన ఇల్లు ఈసారి లేస్తుంది. అలాంటి చోట కొమ్మలు తగ్గించుకుంటూ ఒక ఏడాది గమనించి నిర్ణయం తీసుకోవాలి.

ఏది మూయాలి, ఏది పగలగొట్టాలి

మొత్తం చప్టాలో డొల్లగా మోగింది మూడు పలకలే. మిగతావి గట్టిగా ఉన్నాయి. కాబట్టి ఆ మూడే పగలగొట్టాం. మేస్త్రి చెప్పినట్టు పైన మూడంగుళాలు పోసుంటే కుంగే మట్టి మీద బరువు పెరిగేది, చప్టా మట్టం గోడ తేమ అడ్డుపట్టీ దాకా వచ్చి గోడలు చెమ్మ పట్టేవి. రెండేళ్ళకి అదే పగులు పైపొరలో మళ్ళీ వచ్చేది.

కదలని పగుళ్ళని ఇలా మూయండి. కటింగు మిషనుతో వెడల్పు చేసి, దుమ్ము ఊది, తడిపి, లేటెక్స్ కలిపిన సిమెంటు, సన్న ఇసుక మాలు కూరాలి. వట్టి సిమెంటు నీళ్ళు పోస్తే ఒక వేసవికి ఊడిపోతుంది. కాలాన్ని బట్టి తెరుచుకుని మూసుకునే పగుళ్ళలో గట్టి మాలు పెట్టకూడదు. సాగే గుణం ఉన్న సీలెంటు గానీ తారు గానీ పెట్టాలి.

విదేశాల్లో కుంగిన పలకకి రంధ్రాలు చేసి, కిందకి మట్టి, సిమెంటు కలిపిన చిక్కటి ద్రవాన్ని పంపుతో కొట్టి పైకి లేపుతారు. ఫోముతో లేపే పద్ధతీ ఉంది. మెరక మట్టి అణగడం పూర్తయిపోయిన చోట అది బాగానే పనిచేస్తుంది. కింద ఉబ్బే నల్లమట్టి ఉంటే మాత్రం లేపినా మళ్ళీ కదులుతుంది. మన చిన్న చప్టాలకి పగలగొట్టి తిరిగి వేయడమే తేలిక.

తిరిగి వేసిన పద్ధతి

వీడియో పదకొండో నిమిషం నుంచి చూడండి.

చెరువు మట్టి, నల్లమట్టి కలిపి అడుగున్నర లోతు తీసేశాం. దాని బదులు పెద్దాపురం వైపు నుంచి వచ్చే ఎర్ర గ్రావెల్ తోలించాం. ఆరంగుళాల పొర పోసి, చేత్తో పిడికిలి పడితే ముద్ద అయ్యేంత తడి చేసి, దిమ్మిస కొట్టి, తర్వాతి పొర. ఒకేసారి అడుగున్నర పోసి నీళ్ళు పెట్టి అణగనిస్తే సరిపోదు.

ఇసుక ఎందుకు వేయలేదని అడిగారు. నల్లమట్టి గోతిలో వట్టి ఇసుక పోస్తే అది గిన్నెలాగా నీరు పట్టి ఉంచుతుంది. చుట్టూ ఉన్న నల్లమట్టి ఆ నీరు తాగి ఉబ్బుతుంది. కాస్త బంక ఉండి కూడా ఉబ్బని మట్టి కావాలి. ఐఐటీ బొంబాయిలో ప్రొఫెసర్ కట్టి చేసిన పరిశోధనల నుంచి వచ్చిన సంగతి ఇది. నల్లరేగడిలో కాలువల లైనింగు కింద వేసే సీఎన్‌ఎస్ పొర అంటే ఇదే. పునాదిలో ఇసుక నింపడం మన దగ్గర కొత్తేం కాదు, 1213 నాటి రామప్ప గుడి పునాది ఇసుకదే. కానీ అక్కడ లెక్క వేరు, పైన గుడి బరువుంది. మన చప్టాకి అది నమూనా కాదు.

గ్రావెల్ మీద రెండంగుళాల క్రషర్ డస్టు, దాని మీద ప్లాస్టిక్ పట్టా. గోడకి, చప్టాకి మధ్య అర అంగుళం బోర్డు పెట్టి విడదీశాం. ఇది ముఖ్యం. చప్టా, గోడ దేనికదే కదలాలి. రెండిటినీ కలిపేస్తే ఒకటి కదిలినప్పుడు రెండోది పగులుతుంది. పని అయ్యాక ఆ సందులో సీలెంటు పెట్టాలి.

కాంక్రీటు ఎం20 రకం, నాలుగంగుళాల మందం. బస్తా సిమెంటుకి ఒకటిన్నర పాళ్ళు ఇసుక, మూడు పాళ్ళు కంకర. నీళ్ళు బస్తాకి 30 లీటర్లు మించకూడదు. ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. జారుడుగా ఉంటే పని సులువని మేస్త్రులు నీళ్ళు పోస్తూనే ఉంటారు. బకెట్టు లెక్క మీరే దగ్గరుండి చూసుకోండి.

వాలు అడుగుకి పావు అంగుళం. నాలుగడుగుల చప్టాకి అంగుళం, గోడ నుంచి బయటికి. పోసాక పురికొసతో కాదు, బకెట్టు నీళ్ళు పోసి చూసి సంతృప్తి పడండి.

జాయింటు నాలుగు నుంచి ఆరు అడుగులకి ఒకటి. ధాన్యం ఆరబోసే పెద్ద కళ్ళం అయితే ఎనిమిది నుంచి పది అడుగుల చదరాలు. గాడి లోతు మందంలో నాలుగో వంతు, అంటే అంగుళం. పగులు రాకుండా ఆపలేం, కానీ ఎక్కడ రావాలో మనం చెప్పొచ్చు.

తడపడం పది రోజులు. మామూలుగా దొరికే పీపీసీ సిమెంటుకి అది తప్పనిసరి. మన దగ్గర వరిగడ్డికి లోటు లేదు కదా. గడ్డి పరిచి రోజుకి మూడుసార్లు తడిపితే సరిపోతుంది. ఆ గడ్డి తర్వాత ఆచ్ఛాదనకి పనికొస్తుంది, ఇసుక, సిమెంటు అంటింది మాత్రం దులిపి వేయండి.

ఆవుల పాకలో గచ్చు

అదే ఇంట్లో పశువుల పాక గచ్చు కూడా రెండు చోట్ల చీలింది. ఎకరానికి ఒకసారి జీవామృతం చేయడానికి 5 నుంచి 10 లీటర్ల మూత్రం కావాలి. గచ్చు చీలితే అది గుంటకి రాకుండా నేలలోకి దిగుతుంది. మనకి నష్టం ఒకటే అయితే సరే అనుకోవచ్చు. బోరు పక్కనే ఉంటే ఆ నత్రజని నైట్రేటుగా మారి తాగే నీళ్ళలో కలుస్తుంది. లోపల ఇనుము ఉంటే తుప్పు పడుతుంది.

అక్కడ పగుళ్ళని వెడల్పు చేసి తారుతో మూశాం. వాలు మూత్రం కాలవ వైపే ఉంది, బాగుంది. పైన నున్నగా చేయించకండి, గాళ్ళు పెట్టించండి, ఆవు కాలు జారకూడదు. గుంటని బోరుకి వీలైనంత దూరంగా, పల్లంలో పెట్టుకోండి.

అసలు ఎంత కాంక్రీటు కావాలి?

నన్నడిగితే గోడ చుట్టూ మూడు, నాలుగు అడుగుల చప్టా, ఆవుల కింద గచ్చు, ధాన్యానికి కావలసినంత కళ్ళం. అంతకు మించి అక్కర్లేదు. నడవడానికి నాపరాళ్ళు గానీ పేవర్ టైల్సు గానీ గ్రావెల్ మీద పరుచుకోండి. కుంగితే లేపి, కింద ఇంత గ్రావెల్ వేసి మళ్ళీ పరుచుకోవచ్చు. మేస్త్రి అక్కర్లేదు, ఇంట్లో ఇద్దరు చాలు. మిగతా జాగా మట్టిగా వదిలేయండి, గరిక పెరగనివ్వండి.

ఆ రైతు గారి తూర్పు మూలకి మూడు పలకల ఖర్చే అయింది. మిగిలిన డబ్బు సార్వాకే ఉంది. గోడ మీద గాజు ముక్క అతికించి వచ్చాం. మే నెలలో కాలువ కట్టాక మళ్ళీ వెళ్ళి చూస్తాం. అది పగిలినా, పగలకపోయినా వీడియోలో చూపిస్తాను.

మీరు ఈ వారం చేయాల్సింది ఒకటే. వాన పడేటప్పుడు గొడుగు వేసుకుని ఇంటి చుట్టూ ఒక్కసారి తిరగండి. నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో, ఎటు పోతున్నాయో, ఎక్కడ ఆగుతున్నాయో చూడండి. సిమెంటు సంగతి ఆ తర్వాత మాట్లాడుకుందాం.